ప్రశ్న సగమే వస్తుంది: చదువు ముగించి పనిలోకి వెళ్లే పిల్లలను సిద్ధం చేయడం

పంపులు తయారుచేసే ఒక కర్మాగారంలో 22 ఏళ్లు స్టోర్సు చూశాను. బోల్టు మొదలుకొని మోటారు దాకా లోపలికి వచ్చేదీ బయటికి వెళ్లేదీ అంతా నా కౌంటరు మీదుగానే. డిప్లొమాలు, డిగ్రీలు ముగించి కొత్తగా చేరినవాళ్లను మొదటి మూడు నెలలు స్టోర్సులో వేయడం అక్కడి పద్ధతి. అలా నా దగ్గర పని నేర్చుకుని వెళ్లినవాళ్లు వంద మందికి పైనే ఉంటారు. ఇప్పుడు వారానికి రెండు రోజులు ఒక కళాశాలలో చివరి ఏడాది విద్యార్థులతో కూర్చుంటున్నాను. వాళ్ల ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగే మాట ఒకటే: పిల్లలను ఉద్యోగానికి ఎలా సిద్ధం చేయాలి? నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను. ముందు ఒక బేరింగు సంగతి చెప్పాలి. బేరింగు అంటే యంత్రంలో తిరిగే కడ్డీని, అంటే షాఫ్టును, సాఫీగా తిరగనిచ్చే ఉక్కు వలయం.

ఒక కుర్రవాడు చేరి పది రోజులైంది. తరగతిలో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉన్నవాడు. మెయింటెనెన్సు విభాగం నుంచి ఇండెంటు, అంటే సరుకు కావాలని అడిగే చీటీ, వచ్చింది: ‘6205 బేరింగు, 4’. అంతే రాసి ఉంది. మా అరలో 6205లు రెండు రకాలున్నాయి. అంకెల పక్కన 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు, జెడ్‌జెడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూత. కొలతల్లో తేడా లేదు. లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 52, మందం 15. షాఫ్టు మీదికి రెండూ ఒకేలా ఎక్కుతాయి. తేడా తెలిసేది నీళ్లు తగిలే చోట. రేకు మూత దుమ్మును చాలావరకు ఆపుతుంది కానీ దాని అంచున సన్నని సందు ఉంటుంది, నీళ్లను ఆపలేదు. కుర్రవాడు రెండు పెట్టెలూ చేతుల్లో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. నేను నాలుగు అడుగుల దూరంలో లెడ్జరు రాసుకుంటున్నాను. అతను నా వైపు చూశాడు. పెట్టెల వైపు చూశాడు. జెడ్‌జెడ్ ఇచ్చి పంపించాడు. అవి వెళ్లి నీళ్లు చిమ్మే చోట ఉన్న యంత్రంలో కూర్చున్నాయి. మూడు వారాలకు గ్రీజు కొట్టుకుపోయి, తుప్పు పట్టి, అరుస్తూ అరుస్తూ ఒకరోజు ఆగిపోయాయి.

“ఇచ్చేటప్పుడు అనుమానం రాలేదా?” అని అడిగాను.

“వచ్చింది మేడమ్.”

“మరి నన్ను అడగలేదేం?”

“ఆ మాత్రం తెలియదా అంటారేమోనని.”

కోపం వచ్చింది, కేకలు కూడా వేశాను. ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే, ఇండెంటు రాసినవాడు సగమే రాశాడు, పక్కనే ఉన్న నేను తల ఎత్తలేదు. ఇక ఆ కుర్రవాడు పదిహేనేళ్లు బడిలో నేర్చుకున్నదే నా దగ్గరా చేశాడు. పరీక్ష హాలులో పక్కవాణ్ణి అడిగితే కాపీ కొట్టినట్టు. ప్రశ్నపత్రంలో కావలసిన వివరాలన్నీ ఉంటాయి, జవాబు అడిగినవారికి ముందే తెలుసు. పనిలో ప్రశ్న సగమే వస్తుంది. మిగతా సగాన్ని అడిగి తెచ్చుకోవాల్సింది మనమే. బడిలో నేరమైనది ఇక్కడ విధి అయిపోతుంది. గేటు దాటిన రోజు నుంచి నియమం తలకిందులైందని పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. కరచాలనం ఎలా చేయాలో, టై ఎలా కట్టుకోవాలో చెప్పేవాళ్లు మాత్రం బోలెడు మంది.

అందుకే నా దగ్గర సిద్ధం చేయడం అంటే ముఖ్యంగా ఇదే. మిగిలినవన్నీ దీని తర్వాతే.

సగం చెప్పిన పని ఇవ్వండి

ఏడాదికొక పెద్ద ప్రాజెక్టు కన్నా నెలకు రెండు చిన్న పనులు ఇవ్వడం మేలు. షరతు ఒక్కటే: పని చెప్పేటప్పుడు కావాలనే కొంత చెప్పకుండా వదిలేయాలి. నేను ఎక్కువగా ఇచ్చే పని ఇది: “ప్రయోగశాలలో ఉన్న సామాను లెక్క రాసి శుక్రవారానికి ఇవ్వండి.” ఇంకేమీ చెప్పను. పగిలినవి లెక్కలోకి వస్తాయా? తాళం వేసిన అల్మారా సంగతి ఏమిటి? శుక్రవారం అంటే ఉదయమా, సాయంత్రమా? అసలు ఈ లెక్క ఎవరికి, ఎందుకు? మొదటిసారి ఇవన్నీ అడిగేవాళ్లు తరగతికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగిలినవాళ్లు తమకు తోచినట్టు ఊహించుకుని, రంగు గీతలు గీసి, అట్ట వేసి మరీ తెస్తారు.

ఒకసారి ఒకరి జాబితాలో 14 బీకర్లు, మరొకరి జాబితాలో 9 వచ్చాయి. మొదటివారు అంచు విరిగినవి కూడా లెక్కపెట్టారు. రెండు జాబితాలనూ పక్కపక్కన బల్ల మీద పెట్టి, “కొత్త బీకర్లు కొనాల్సింది నేను. ఎన్ని కొనను?” అని అడిగాను. అప్పుడు మొదలైంది అసలు చర్చ. నేను కలగజేసుకోలేదు. మార్కులు కూడా జాబితాకు వేయను, అడిగిన ప్రశ్నలకు వేస్తాను.

ఇక్కడ పిల్లల కంటే పెద్దలకే నిగ్రహం ఎక్కువ అవసరం. అడిగినదానికి వెంటనే, వెటకారం లేకుండా జవాబు చెప్పాలి. “ఇంత కూడా తెలియదా?” అని ఒక్కసారి అన్నారంటే ఆ తరగతిలో ఆ ఏడాదికి ఇక ఎవరూ నోరు తెరవరు. తల్లిదండ్రులకూ ఇదే వర్తిస్తుంది. ఇంట్లో ఒక యంత్రం మరమ్మతు చేయించే బాధ్యత, ఒక దరఖాస్తు నింపి పంపే బాధ్యత పూర్తిగా పిల్లల చేతిలో పెట్టండి. వాళ్లు ఫోనులో తడబడుతుంటే ఫోను లాక్కుని మీరు మాట్లాడకండి. కష్టమే, నాకు తెలుసు. నేనూ ఒకసారి లాక్కున్నాను.

అడగడానికీ ఒక తీరు ఉంది, దాన్ని నోటికి వచ్చేదాకా అనిపించాలి. ఇంతవరకు చూశాను. ఇక్కడ ఆగాను. నాకు ఇలా అనిపిస్తోంది, సరేనా? బేరింగు కుర్రవాడు అని ఉండాల్సింది ఇదీ: “6205 అడిగారు మేడమ్, రెండు రకాలున్నాయి. ఆ యంత్రానికి నీళ్లు తగులుతాయా? తగిలితే రబ్బరు సీలు ఉన్నది పంపుతాను.” పది సెకన్ల మాట. ఇలా అడిగినవాణ్ణి చూసి ఏమీ తెలియదని ఎవరూ అనుకోరు, ఆలోచించాడనుకుంటారు. “అర్థం కాలేదు” అని మాత్రమే అంటే ఎదుటివారు మొదటి నుంచి మొదలుపెట్టాలి. వాళ్లకు చిరాకు వచ్చేది అక్కడే.

ఎంతసేపు సొంతంగా ప్రయత్నించాలి అని అడుగుతారు. నేను పెట్టిన లెక్క 15 నిమిషాలు. అప్పటికీ కదలకపోతే లేచి వెళ్లి అడగాలి. కరెంటు, ఎత్తు, రసాయనాలు, తిరిగే యంత్రం ఉన్న చోట మాత్రం ఆ 15 నిమిషాలు కూడా లేవు, చేయి పెట్టకముందే అడగాలి. చేరిన మొదటి నెలలో దెబ్బలు తగిలే ప్రమాదం ఎక్కువ. ప్రాణానికో ఆరోగ్యానికో తీవ్రమైన ప్రమాదం ముంచుకొస్తోందని సహేతుకంగా నమ్మి పని చోటు నుంచి తప్పుకున్న కార్మికుణ్ణి అన్యాయంగా శిక్షించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒప్పందం చెబుతోంది. ఈ విషయం పిల్లలకు ఉద్యోగంలో చేరకముందే తెలిసి ఉండాలి.

తప్పును చెప్పడం

బడిలో తప్పును పట్టుకునేది ఉపాధ్యాయుడు. ఎర్ర గీత పడుతుంది, మార్కు పోతుంది, కథ ముగుస్తుంది. పనిలో మన తప్పు చాలాసార్లు ముందు మనకే కనబడుతుంది. అప్పటి నుంచి గంట గంటకూ దాని ఖర్చు పెరుగుతూ పోతుంది. కొత్తవాళ్లు ఆ గంటలను దాచడానికి వాడతారు. నేను చూసిన పెద్ద నష్టాల్లో సగానికి పైగా తప్పు వల్ల జరిగినవి కావు, తప్పు తెలిసీ రెండు రోజులు ఆగడం వల్ల జరిగినవి.

దీనికి నేను చేయించే సాధన ఇది. అందరూ జాబితాలు పంపేశాక, “మీ జాబితాలో 12వ వరుస తప్పని మీకు ఇప్పుడే తెలిసింది. జాబితా అందుకున్నవారికి ఉత్తరం రాయండి” అంటాను. మొదటిసారి దాదాపు అందరూ ఇలా రాస్తారు: “నా అజాగ్రత్త వల్ల పెద్ద పొరపాటు జరిగినందుకు మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాను. ఇకపై ఇలా జరగదని హామీ ఇస్తున్నాను.” చదివినవారికి ఏం జరిగిందో తెలియదు, తాము ఏం చేయాలో తెలియదు. పాపం, వాళ్లు కంగారు మాత్రం పడతారు.

తిరగరాయించగా వచ్చేది ఇలా ఉంటుంది: “నిన్న పంపిన జాబితాలో 12వ వరుస తప్పు. 40 అని రాశాను, సరైనది 14. ఆ అంకె చూసి ఆర్డరు పెట్టి ఉంటే ఆపండి. సరిచేసిన జాబితా జతచేశాను, క్షమించండి.” క్షమాపణ చివర ఒక్క మాట చాలు.

తప్పు చెప్పగానే కేకలు వేసే పై అధికారులు ఉంటారని కూడా చెప్పాలి. లేరని చెబితే మొదటి కేకకే పిల్లలు మన మాటలన్నీ అబద్ధాలనుకుంటారు. అలాంటివారికి కూడా చెప్పాల్సిందే, వీలైతే రాతపూర్వకంగా చెప్పాలి.

ఐదు రోజులు పని చోట

జర్మనీలో, మొదట 1969లో వచ్చిన వృత్తి శిక్షణ చట్టం కింద యువకులు ఒక సంస్థతో ఒప్పందం చేసుకుని భృతి తీసుకుంటూ పని నేర్చుకుంటారు. వారంలో ఎక్కువ రోజులు సంస్థలో, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో. చాలా వృత్తులకు ఇది మూడు, మూడున్నర ఏళ్లు సాగుతుంది. ఫిన్లాండులో ఉన్నత పాఠశాల దశలోనే పిల్లలను కొన్ని రోజులు నిజమైన పని చోటుకు పంపుతారు. అంత పెద్ద వ్యవస్థను ఒక ఉపాధ్యాయుడు ఒక్కడే నిర్మించలేడు. ఐదు రోజులు మాత్రం సంపాదించగలడు.

ఆ ఐదు రోజులు ఎలా పాడవుతాయో కౌంటరుకు ఇటువైపు నుంచి చూశాను కాబట్టి చెప్పగలను. పిల్లలు వస్తారు, ఎవరికీ తీరిక ఉండదు, ఒక కుర్చీ చూపించి కూర్చోబెడతారు. మూడో రోజుకు జెరాక్సులు తీయిస్తారు. ఐదో రోజు సర్టిఫికెట్టు ఇస్తారు. అలా జరగకూడదంటే ముందే మాట్లాడి మూడు విషయాలు ఒప్పించుకోవాలి. ఈ విద్యార్థి ఎవరి దగ్గర ఉంటాడో ఒక మనిషి పేరు చెప్పాలి. చిన్నదైనా సరే, ఎవరో ఒకరు నిజంగా వాడుకునే పని ఒకటి ఇవ్వాలి. అక్కడ చేరి ఏడాది, రెండేళ్లు అయిన ఉద్యోగితో ఒక గంట మాట్లాడనివ్వాలి. మూడోది అందరూ మరచిపోతారు. పాతికేళ్ల అనుభవం ఉన్నవారికి తమ మొదటి నెల గుర్తుండదు.

విద్యార్థి నోటుపుస్తకంలో ‘నేను నేర్చుకున్న అంశాలు’ అని రాయించకండి, పాఠ్యపుస్తకం వాక్యాలే వస్తాయి. ఈ రోజు పని ఎక్కడ ఆగింది, ఎవరు కదిలించారు, ఎవరిని అడిగారు, ఈ మూడే రాయమనండి. ముద్రణాలయానికి వెళ్లిన ఒక అమ్మాయి రాసుకొచ్చింది: “మధ్యాహ్నం రెండు గంటలు యంత్రం ఆగింది. కాగితాలు ఒకదానికొకటి అంటుకుని వెళుతున్నాయి. పాత ఆపరేటరు ఒక కాగితం తీసి చెవి దగ్గర విదిలించి, ‘చప్పుడు మెత్తగా ఉంది, చెమ్మ పట్టింది’ అన్నారు. కట్ట మార్చారు.” ఆ నాలుగు వాక్యాల కోసం నేను ఏ నివేదికనైనా వదులుకుంటాను.

ఉద్యోగం వెతకడం

అమెరికా సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. పరిచయాల ద్వారా ఉద్యోగం మారినవాళ్లను, ఆ కబురు అందించిన మనిషిని ఆ రోజుల్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచుగా కలిసేవాళ్లమన్నది 16.7 శాతం. అప్పుడప్పుడు అన్నది 55.6 శాతం. అరుదుగా అన్నది 27.8 శాతం. ఆయన చూసింది కొద్దిమందినే, అదీ బోస్టన్ శివారులోని చదువుకున్న ఉద్యోగులను. అయినా కారణం ఎక్కడికైనా సరిపోతుంది: మన దగ్గరి స్నేహితులకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు దూరపు పరిచయం నుంచే రావాలి.

అందుకని ప్రతి విద్యార్థితో 25 మంది దూరపు పరిచయస్తుల పేర్లు రాయిస్తాను. పై తరగతిలో చదివి వెళ్లినవాళ్లు, పాత ఇంటి పొరుగువారు, స్నేహితుడి అక్క, ఎవరైనా సరే. వాళ్లను ఉద్యోగం అడగకూడదు, అడిగితే మొహమాటపడి తప్పించుకుంటారు. 20 నిమిషాల సమయం అడగాలి. “మీరు చేసే పని గురించి తెలుసుకోవాలనుకుంటున్నాను. నిన్న మీ పని ఎక్కడ ఆగింది?” అని మొదలుపెడితే గంట మాట్లాడతారు. చివర్లో “ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుందంటారు?” అనడం మరవకూడదు.

అందరి జాబితా ఒకేలా ఉండదు. కుటుంబంలో మొదటిసారి కళాశాల మెట్లెక్కిన పిల్లల కాగితం మీద ఐదు పేర్లు కూడా రావు. అది వాళ్ల చొరవకు సంబంధించిన విషయమని నేను ఒప్పుకోను. ఆ మిగతా 20 పేర్లు ఇవ్వాల్సింది కళాశాల. పాత విద్యార్థుల చిరునామాలు కార్యాలయం బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వాళ్ల అనుమతి తీసుకుని, ఇద్దరు ముగ్గురిని కలిపే పని ఉపాధ్యాయుడు స్వయంగా చేయాలి.

బయోడేటా గురించి ఎక్కువ రాయను. ఒక్క పేజీ చాలు. విశేషణాలు తీసేసి, చేసిన పనిని లెక్కతో రాయాలి. ‘కష్టపడే తత్వం, నాయకత్వ లక్షణాలు’ అని అందరూ రాస్తారు. ‘మూడు నెలల పాటు శనివారాల్లో గ్రంథాలయంలో 600 పుస్తకాలకు కొత్త చీటీలు అతికించాను’ అని ఒక్కడే రాయగలడు. ఇంటర్వ్యూకు నాలుగు నిజమైన సంఘటనలు సిద్ధంగా ఉంటే చాలు: ఒక తప్పు, ఒక గొడవ, ఒక గడువు, సొంతంగా నేర్చుకున్న ఒక విషయం. మాదిరి ఇంటర్వ్యూ మాత్రం సొంత ఉపాధ్యాయుడితో చేయించకండి. ముఖ పరిచయం కూడా లేనివారిని పిలవండి, చేతులు వణకాల్సింది ఇక్కడే వణకనివ్వండి.

సంతకానికి ముందు

ఒక నియామక పత్రం, ఒక జీతం చీటీ తెచ్చి, పేర్లు కొట్టేసి, తరగతిలో చదివించండి. మొత్తం జీతానికి, చేతికి వచ్చే జీతానికి మధ్య ఏమేమి పోతాయో కూడికలు తీసివేతలు చేయించండి. ప్రొబేషన్ ఎంతకాలం, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఫలానా కాలం పనిచేయాలనే బాండు ఉందా, అసలు సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టుకుంటామంటున్నారా? చివరి రెండింటి దగ్గర ఆగి పెద్దవాళ్లను అడగమనండి. సంతకం చేసిన ప్రతి కాగితం నకలు ఇంట్లో ఉండాలి.

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగితే వెనుదిరగమని చెప్పండి. ప్రైవేటు ఉపాధి ఏజెన్సీలు పని కోరేవారి నుంచి నేరుగా గానీ పరోక్షంగా గానీ రుసుము తీసుకోరాదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందంలోని సాధారణ నియమం. పని చోట వేధింపులపై 2019లో వచ్చిన 190వ ఒప్పందం శిక్షణలో ఉన్నవారినీ, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నవారినీ కూడా లెక్కలోకి తీసుకుంది. ఆమోదించిన దేశాలకే ఇవి కట్టుబాట్లు, నిజమే. కానీ “ఇంకా ట్రైనీవే కదా, నీకేం హక్కులు?” అన్నవాడి ముందు తల వంచకుండా ఉండటానికి ఈ మాత్రం తెలిసి ఉంటే పిల్లలకు నడుము నిటారుగా ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఉద్యోగాలు కరవైన ఏడాది చదువు ముగిస్తే ఉద్యోగం రావడం ఆలస్యం అవుతుంది, మొదటి జీతమూ తక్కువ ఉంటుంది. కెనడా పట్టభద్రుల మీద 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనం, మాంద్యంలో చదువు ముగించినవాళ్ల సంపాదన మొదట్లో సుమారు 9 శాతం తగ్గిందని, ఐదేళ్లకు ఆ లోటు సగమై, పదేళ్లకు దాదాపు తీరిపోయిందని తేల్చింది. తీర్చుకున్నవాళ్లు చాలావరకు మెరుగైన సంస్థలకు మారి తీర్చుకున్నారు. పక్కింటివాళ్ల అబ్బాయితో పోల్చడం మానేసి, రెండేళ్ల తర్వాత మారే ధైర్యం ఇవ్వండి.

చేరిన తర్వాత

కళాశాలలు చేరిన రోజు ఫొటో తీసి గోడకు అంటించి చేతులు దులుపుకుంటాయి. మానేసేవాళ్లు మానేసేది ఆ తర్వాతే. చేరడానికి వారం ముందు, పనివేళకే లేచి, అదే దారిలో వెళ్లి, గేటు దాకా చూసి రమ్మంటాను. మొదటి రోజు ఆలస్యం చాలావరకు అలా తప్పుతుంది. తర్వాత మూడుసార్లు ఫోను చేస్తాను: మొదటి శుక్రవారం, మూడో వారం, మూడో నెల. ఎలా ఉంది అని అడగను, బాగుంది అంటారు. మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తింటున్నావు? నీ పని అందుకునేది ఎవరు? ఈ వారం ఎవరిని ఏమి అడిగావు? మూడింటికీ జవాబు లేకపోతే ఆ సాయంత్రం మళ్లీ ఫోను చేస్తాను.

మొన్న ఒక అమ్మాయికి మూడో వారం ఫోను. తనను కూడా స్టోర్సులోనే వేశారట.

“ఈ వారం ఏమి అడిగావు?”

“ఇండెంటులో సరుకు పేరుకు, సంఖ్యకు గడులున్నాయి కానీ రకం రాయడానికి గడి లేదు మేడమ్. ఎందుకు లేదని సూపర్‌వైజర్‌ను అడిగాను.”

“ఏమన్నారు?”

“కాసేపు ఆ కాగితం వైపు చూశారు. తర్వాత, గడి గీసి తెమ్మన్నారు.”